పాన్పు ఎవరు పరచాలి

వేదవతి గారి క్లాసు పక్కన లెక్కలు చెప్పడం ఎంత కష్టమో దోహా మొత్తంలో నాకొక్కదానికే తెలుసు. మా స్కూల్లో ఆ రెండు గదుల మధ్య ఉన్నది గోడ కాదు, రంగు వేసిన అట్ట. ఇటువైపు నేను పిల్లల్ని త్రికోణమితిలో ముంచి పైకి తేలుద్దామని తంటాలు పడుతుంటే, అటువైపు పదకొండో తరగతి మొత్తం పగలబడి నవ్వుతుంది. ఇక నా పిల్లల చెవులు నా దగ్గర ఉండవు. నేను చేరిన మొదటి ఏడాదే వెళ్ళి అడిగాను, కాస్త గట్టిగానే.

"మేడమ్, గంతగనం నవ్వెటందుకు ఏం చెప్తున్నరు మీరు?"

"నల్లమందు యుద్ధం చెప్తున్నానండి ప్రమీల గారూ," అన్నారావిడ, చేతిలో చాక్‌పీసు తిప్పుతూ.

"యుద్ధానికి నవ్వుతరా?"

"యుద్ధానికి కాదండి. అల్లుడికి."

నేను జగిత్యాల దాన్ని. మాకు అంత వెటకారం అలవాటు లేదు. ఆవిడది గుడివాడ. పెళ్ళయిన కొత్తలో భర్త వేణుగోపాలరావు గారి ఉద్యోగం కోసం ఖతార్ వచ్చారట. అల్ తుమామాలో ఫ్లాట్, కిటికీ తీస్తే ఇసుక, వంట అయిపోయాక గోడల మొహం చూస్తూ కూర్చోవడం. ఒకరోజు ఎవరో టీచరు సెలవు పెడితే నాలుగు రోజుల కోసం స్కూల్లో అడుగుపెట్టారు. ఆ నాలుగు రోజులు ఇంకా అవలేదు. బాబీ అనే కొడుకుని అదే స్కూల్లో చదివించి ఇంజనీరుని చేశారు, పిల్లలు ఎగ్గొట్టే చరిత్ర క్లాసుని ఎగబడే క్లాసుగా మార్చారు. కారు నడుపుతూ దారి చెప్పే ఫోనుతో వాదన పెట్టుకుంటారు. ఆవిడ పక్కన కూర్చుంటే నాకు భయం, కూర్చోకపోతే తోచదు. మేం ఉండేది వాళ్ళ కింది ఫ్లాట్‌లోనే.

ఇంతకీ ఆ అల్లుడి సంగతి. కోస్తా పెళ్ళిళ్ళలో అలకపాన్పు అని ఒక వేడుక ఉంటుంది. కొత్త అల్లుడు పాన్పు ఎక్కి, మూతి ముడుచుకుని కూర్చుంటాడు. అత్తవారు వచ్చి ఏం కావాలి నాయనా అని బతిమాలతారు. అడిగింది ఇస్తామంటేనే దిగుతాడు. వేదవతి గారు చైనా చరిత్ర మొత్తాన్ని ఆ పాన్పు మీదికి ఎక్కించేశారు. చెప్పేది ఇంగ్లీషులోనే. అలకపాన్పు మాత్రం అలకపాన్పే. మలయాళీ పిల్లలూ, లక్నో పిల్లలూ నోరు తిరక్కపోయినా ఆ మాట నేర్చుకుని, ఎక్కడ ఏడాది పరీక్షలో రాసేస్తారో అని ఆవిడకే దిగులు పట్టుకునేలా చేశారు.

"చైనా పెద్ద మండువా ఇల్లు అనుకోండి," అని మొదలుపెట్టేవారు. "చక్రవర్తికి బయటివాళ్ళ సరుకు ఏదీ అక్కర్లేదు. బ్రిటిష్‌వాడికి మాత్రం ఆ ఇంటి టీ లేకపోతే తెల్లారదు. టీ కొని కొని వెండి కరిగిపోతోంది. అందుకని దొడ్డిదారిన నల్లమందు తెచ్చి అమ్మాడు. ఆ ఇంటి పెద్దమనిషి ఒకాయన ఆ మందంతా పట్టుకుని ఉప్పూ సున్నమూ కలిపి సముద్రంలోకి వదిలించాడు. ఇంకేముంది, అల్లుడుగారు అలిగారు. ఐదు రేవులు ఇస్తేగానీ లేవనన్నాడు. హాంకాంగ్ ఇమ్మన్నాడు. పారబోసిన మందుకి ఖరీదు కట్టమన్నాడు."

అక్కడ మొదటి నవ్వు. తర్వాత తోడల్లుళ్ళు దిగేవారు. ఫ్రాన్సూ అమెరికా వచ్చి, పెద్దల్లుడికి ఏం పెట్టారో మాకూ అదే పెట్టాలని కూర్చునేవారు. అల్లుళ్ళలో ఎవరైనా ఊళ్ళో ఒకణ్ణి కొట్టినా మామగారు నోరెత్తకూడదు, ఆ అల్లుడి అమ్మకే చెప్పుకోవాలి, ఆవిడే విచారించాలి. "ఇదీ ఒప్పందంలో ఉంది, రాసుకోండి," అనేవారు. పుస్తకంలో పేజీ నిండా ఉన్న గడ్డు మాటలు పిల్లలకి అలా గుర్తుండిపోయేవి.

అయితే చైనాని చూసి నవ్వనిచ్చేవారు కాదు. వాళ్ళూ ఫిరంగుల కార్ఖానాలు కట్టారు, ఓడలు కొన్నారు, పిల్లల్ని పై దేశాలకి పంపారు, కానీ ఇల్లు పెద్దది, లోపల అన్నదమ్ముల కొట్లాటలు, దర్బారులో ఒకరి పని ఒకరు చెడగొట్టుకోవడం అని, గొంతు తగ్గించి చెప్పేవారు. అప్పుడు నా క్లాసు కూడా నిశ్శబ్దంగా ఉండేది.

"జపాన్ ఇదంతా గోడ మీంచి చూసింది. కొన్నాళ్ళకి దాని వాకిట్లోకీ అమెరికా నల్ల ఓడలు వచ్చి నిలబడ్డాయి. పళ్ళు కొరుక్కుంటూ వాళ్ళూ సంతకాలు పెట్టారు. కానీ అల్లుడు బొమ్మ రైలు తెస్తే దాన్నెక్కి తిరగడంతో ఊరుకోలేదు. అది ఎలా చేశారో నేర్చుకోవాలనుకున్నారు. పెద్దమనుషులే మూటాముల్లె కట్టుకుని అల్లుళ్ళ ఊళ్ళకి వెళ్ళి, బడులు చూశారు, ఫ్యాక్టరీలు చూశారు, చట్టాలు చూశారు. వచ్చి తమ ఇంటిని తామే మార్చుకున్నారు."

చివర ఒక మాట ప్రతి ఏడూ తప్పకుండా అనేవారు. "నాకూ ఒక కొడుకున్నాడు. వాణ్ణి మాత్రం ఆ పాన్పు ఎక్కించను. ఇది నా మాట." పిల్లలు చప్పట్లు కొట్టేవారు. నేను చాక్‌పీసు విరిచేదాన్ని.

ఒక్క ఏడాది మాత్రం చప్పట్ల బదులు ఒక ప్రశ్న వినిపించింది. ఆ గొంతు అమ్ముది. మదీనత్ ఖలీఫా నుంచి వచ్చే పిల్ల, నా క్లాసులో నాతో కూడా వాదించేది.

"మేడమ్, జపాన్ అంత తెలివైనదే కదా. మరి కొరియా ఇంటి ముందుకి తనే ఓడలేసుకుని వెళ్ళి ఎందుకు అలిగింది? ఆ తర్వాత చైనా మీదికీ వెళ్ళింది. ఆ బాధ ఎలా ఉంటుందో దానికి తెలుసు కదా."

అట్టగోడకి అటువైపు చాక్‌పీసు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. తర్వాత వేదవతి గారు, "నాకు తెలియదమ్మా. తెలిస్తే చెప్తాను," అన్నారు. టీచర్లలో ఆ మాట అనగలిగేవాళ్ళు తక్కువ. నేనైతే అనను.

అమ్ము ప్రశ్నకి జవాబు దొరకలేదు గానీ, అమ్ముకి బాబీ దొరికాడు. ఇద్దరూ పెద్ద చదువులు చదువుకుని దోహాలోనే ఉద్యోగాల్లో చేరాక ఎక్కడో కలిశారు. ఇళ్ళలో చెప్పారు. ఎవరికీ అభ్యంతరం లేదు. వేదవతి గారు ఎంత మురిసిపోయారంటే, వారం రోజులు పిల్లల్ని నవ్వించడమే మర్చిపోయారు, నా క్లాసు ప్రశాంతంగా జరిగింది. విజయవాడలో పెళ్ళి. మేమంతా వెళ్ళాం. తెల్లవారుజాము ముహూర్తం, మధ్యాహ్నానికల్లా కల్యాణమండపం ఖాళీ చెయ్యాలి. ఆ హడావిడిలో అలకపాన్పు ఎగిరిపోయింది. ఆవిడ మొహంలో సంబరం నేను చూశాను.

ఆ సంబరం మీద నీళ్ళు చల్లిందెవరయ్యా అంటే, అమ్ము వాళ్ళ నాయనమ్మ మంగతాయారు గారు. ఆత్రేయపురం మనిషి. గోదావరి వాళ్ళ మాట ప్రకారం అందరూ ఆవిణ్ణి మామ్మ అనే పిలుస్తారు. పదహారు రోజుల పండగ దోహాలో మనవరాలి పుట్టింట్లో చేస్తామంటే, పూతరేకులు చేసే నల్లటి కుండని ఒళ్ళో పెట్టుకుని విమానం ఎక్కి వచ్చింది. సామాన్లలో వేస్తే పగిలిపోతుందట. దిగీ దిగగానే కొడుకుని అడిగింది, అలకపాన్పు ఏ రోజు పెట్టారని.

అమ్ము ఆ కబురు మోసుకుని అల్ తుమామా వచ్చింది. నేను అక్కడే పకోడీలు తింటున్నాను.

"కుదరదు," అన్నారు వేదవతి గారు. "నీకు తెలుసు కదా అమ్మూ. క్లాసులో నువ్వూ విన్నావు. ఆ రోజు మీ బ్యాచ్ వాళ్ళంతా ఫోన్లు పట్టుకుని వస్తారు. ఇన్నేళ్ళు నేను చెప్పింది ఉత్త కబుర్లనుకోరూ?"

"నాకు తెలుసు అత్తయ్యగారూ. మామ్మకి తెలియదు కదా. తన చేత్తో చెయ్యాల్సిన పెళ్ళిళ్ళలో నాదే ఆఖరిది."

మర్నాడు మామ్మే ఫోను చేసింది. వేదవతి గారు స్పీకరు పెట్టారు, నా అండ కోసం.

"మా ఇంటికొచ్చిన అల్లుళ్ళందరూ అలిగారమ్మా. ఈ ఒక్క కుర్రాడూ అలక్కపోతే మేం ఆడికేదో తక్కువ చేసినట్టు కాదేటండి?"

"అలా కాదు పిన్నిగారూ. మావాడు అడిగే రకం కాదండి."

"అడిగే రకమో కాదో తెలుసుకోడానికే కదండి పాన్పు."

వేదవతి గారు ఫోను నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయారు. ఆ రాత్రికి వేణుగోపాలరావు గారు మధ్యే మార్గం కనిపెట్టారు. బాబీ పాన్పు మీద కూర్చుంటాడు, ఏమీ అడగడు. ఆవిడ అయిష్టంగా తలూపారు. మామ్మ మాత్రం, అడగని అలకేంటండి, ఉప్పు లేని పప్పు తిన్నట్టు, అని మూతి తిప్పిందని అమ్ము చెప్పింది. ఇద్దరిలో ఒకరి మనసు కష్టపడక తప్పదని, అది వేదవతి గారిది కాకూడదని నేను మా మల్లన్నకి మొక్కుకున్నాను.

ఇక మంచం. మామ్మకి నవారు మంచం కావాలట. మెత్తటి పరుపుల డబుల్‌కాట్ మీద అలిగితే ఆనదట. దోహాలో నవారు మంచం ఎక్కడ దొరుకుతుందని అమ్ము నాన్నగారు తల పట్టుకుంటే, మా వేణుగోపాలరావు గారి మర్యాద పొంగింది. "మీరు శ్రమపడకండి బావగారూ, మంచం సంగతి మేం చూసుకుంటాం," అనేశారు ఫోన్లో. ఆయన సరేనన్నారు. ఆ సంగతి తల్లితో చెప్పాలని ఆయనకి తట్టలేదు. మగవాళ్ళిద్దరూ మర్యాదలు ఇచ్చిపుచ్చుకుంటే ఇంట్లో ఏదో ఒకటి కాలుతుంది.

మంచం చూసిపెట్టింది నేనే. మా ఊరి నర్సింగ్ ఉమ్ సలాల్‌లో ఒక తోటలో పని చేస్తాడు. వాళ్ళ గదుల ముందు పైపులు అతికించి, నవారు అల్లి చేసుకున్న మంచం ఉంది. శుక్రవారం పొద్దున్న పికప్‌లో వేసుకుని వచ్చాడు. పక్కన ఎండు ఖర్జూరపు మట్టలు కట్ట కట్టి పెట్టాడు, మామ్మ రేకుల పొయ్యి కోసం.

"అక్కా, రాత్రికల్ల మంచం మళ్ళ నాకు ఇయ్యాలె. దాని మీద పండెటోళ్ళు మాకు వంతుల మీద ఉన్నరు," అన్నాడు.

"ఇస్తం తియ్. పెండ్లిపిల్లగాడు గంటసేపు కూసుంటడు, అంతే."

"కూసుని ఏం చేస్తడు?"

"అలుగుతడు."

"దానికి గింత దూరమా," అని నర్సింగ్ నన్నెక్కించుకుని బండి తీశాడు. జాతీయ దినోత్సవం దగ్గర పడింది. కార్ల నిండా జెండాలు. పికప్‌లో నిలువుగా కట్టిన మంచాన్ని చూసి, అది కూడా ఏదో ఉత్సవానికి అనుకుని పిల్లలు చేతులూపారు. నర్సింగ్ కూడా ఊపాడు. నేనూ ఊపాను. దారిలో మా అమ్మ ఫోను చేసి, దుబాయ్‌ల గూడ పెండ్లిళ్ళయితయా అని అడిగింది. ఇది ఖతార్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకి అంతా దుబాయే.

మదీనత్ ఖలీఫాలో అమ్ము వాళ్ళ విల్లా ముందు కాగితంపూల తీగ కింద బండి ఆగింది. నర్సింగూ బాబీ మంచం మోసుకుని హాల్లోకి తెచ్చి నడిమధ్య వేశారు. మేం మగపెళ్ళివారం తట్టలతో వెనకాలే వచ్చాం. అమ్ము బ్యాచ్ పిల్లలు అప్పటికే సోఫాలనిండా ఉన్నారు. మామ్మ పెరట్లో కుండ వేడి చేస్తోందట, సందడి విని చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మంచం చూసింది. చుట్టూ నడిచి మళ్ళీ చూసింది.

"ఇది ఎవరిది?"

"మేమే తెచ్చామండి," అన్నారు వేణుగోపాలరావు గారు వినయంగా. "మీకు శ్రమ లేకుండా."

మామ్మ ఆయన వైపు చూసింది. తన కొడుకు వైపు చూసింది. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. గొళ్ళెం పడిన చప్పుడు హాలంతా వినిపించింది.

"మామ్మ అలిగింది," అంది అమ్ము.

కొడుకు వెళ్ళి తలుపు కొట్టాడు. కోడలు కొట్టింది. గొళ్ళెం కదల్లేదు. సోఫాలోంచి ఎవడో కుర్రాడు, చైనా తలుపులు మూసేసింది అని గొణిగాడు. నాకు చెంప పగలగొట్టాలనిపించింది. పెరట్లో పొయ్యి మండుతోంది, కుండ దగ్గర ఎవరూ లేరు. ఇంటి పెద్ద అలిగి కూర్చుంటే పండగేంటి, కొత్త పెళ్ళికూతురు రెండిళ్ళ మధ్య ఎన్నాళ్ళు నలిగిపోవాలి? అమ్ము కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. బాబీ పట్టుపంచె సర్దుకుంటూ తల్లి మొహం చూస్తున్నాడు.

వేదవతి గారు మాత్రం మంచాన్నే చూస్తున్నారు. నవారు మీద చెయ్యి వేసి చూశారు. తర్వాత నా వైపు తిరిగారు.

"ప్రమీల గారూ, మంచం మనం తెచ్చాం."

"అవును మేడమ్. నర్సింగ్ బండ్ల."

"కాదండి. వాళ్ళింట్లోకి మంచం మనం మోసుకొచ్చాం. వాళ్ళు వేస్తే కదా అది పాన్పు." ఆవిడ మొహం ఎర్రబడింది. ఆ వెంటనే నవ్వొచ్చింది, మళ్ళీ ఆపుకున్నారు. "ఇన్నేళ్ళ నుంచీ పాఠం చెప్తున్నాను. మంచం ఎవరు తెచ్చారని ఒక్కసారి అడగలేదు నేను. బ్రిటిష్‌వాళ్ళకి చైనాలో ఎవరండీ పాన్పు వేసింది? ఓడలో వాళ్ళే తెచ్చుకున్నారు. అల్లుడెలా అవుతాడు వాడు?"

అప్పుడు నాకు అర్థమైంది. అర్థమైనందుకు కోపం కూడా వచ్చింది, నేనే కదా మంచం వెతికి తెచ్చింది.

"నర్సింగ్, మంచం బయటికి తీసుకెళ్ళు బాబూ," అన్నారావిడ. "గేటు బయటికి. ఏవండీ, మీరూ రండి. బాబీ, నువ్వూ."

"గిప్పుడే కదమ్మా తెచ్చింది," అన్నాడు నర్సింగ్.

"అందుకే."

అలా మేమంతా, తట్టలూ పూలూ మంచంతో సహా, రోడ్డు మీదికి వచ్చేశాం. అమ్ము నాన్నగారు కంగారుపడి వెనకాల పరిగెత్తుకొచ్చారు. "పిన్నిగారు పిలిస్తే వస్తాం అన్నయ్యగారూ. పిలవకపోతే అల్ తుమామా వెళ్ళి అన్నం వండుకుంటాం. కోపంతో కాదండి, ఒట్టు," అన్నారు వేదవతి గారు. ఆ మాట అనడానికి ఆవిడకి ఎంత కష్టమైందో నాకు తెలుసు. నిలబడ్డచోట చీర కొంగు నలిపేస్తున్నారు.

డిసెంబరు ఎండ కాబట్టి సరిపోయింది. ఎదురింటి ఖతారీ పెద్దాయన కారు ఆపి, పెళ్ళికొడుకుని, మంచాన్ని, మమ్మల్ని చూసి ఏమైందని అడిగాడు. నర్సింగ్ ముందుకొచ్చి, "మాఫీ ముష్కిల్, షాదీ," అన్నాడు, ఇబ్బందేమీ లేదు పెళ్ళేనని. పెద్దాయన తలూపి లోపలికి వెళ్ళాడు. కాసేపటికి ఆయనింటి పనివాడు పొడుగు ముక్కు కూజాలో కాఫీ, పళ్ళెంలో ఖర్జూరాలు పట్టుకొచ్చాడు. పిలవకుండానే వీధిలో నిలబడ్డవాళ్ళకి ఆ మర్యాద. వేణుగోపాలరావు గారు మంచం పట్టె మీద కూర్చుని కాఫీ తాగారు. వేదవతి గారు తాగలేదు, తలుపు వైపే చూస్తున్నారు.

లోపల జరిగింది అమ్ము తర్వాత చెప్పింది. తను గది తలుపు దగ్గర నిలబడి, "మామ్మా, వాళ్ళు మంచం తీసుకుని గేటు బయట నుంచున్నారు. నువ్వు పిలిస్తే వస్తారట," అందట. లోపల కిటికీ తెర జరిపిన చప్పుడైంది. ఆ వెంటనే గొళ్ళెం తీసి బయటికొచ్చి, ముందు కొడుకుని పట్టుకుంది. "మగపెళ్ళోరిని రోడ్డు మీద నిలబెడతావా, బుద్ధుందేంట్రా నీకు," అని దులిపేసిందట. ఆయన ఏం చేశాడని ఎవరూ అడగలేదు.

పెట్టె తెరిచి తన ఉప్పాడ చీర తీసింది. ఆ ఇంట్లో అరబ్బుల పద్ధతిలో గోడ పొడుగునా నేల మీద పరిచిన మెత్తలు ఉన్నాయి. వాటి మీద ఆ చీర పరిచి, ముడత లేకుండా చేత్తో సాపు చేసింది. కుంకుమ భరిణె పట్టుకుని గేటు దాకా నడిచొచ్చింది. వేదవతి గారి నుదుట బొట్టు పెట్టి, "రండమ్మా. మా ఇంట్లో పాన్పు పరిచాం," అంది.

"వస్తాం పిన్నిగారూ," అన్నారు వేదవతి గారు. "మంచం తేవడం మా తెలివితక్కువ."

"మంచం బానే ఉందమ్మా, గట్టిది. రేకులు ఆరబెట్టుకోడానికి పెరట్లో వెయ్యమనండి."

చీర పరిచిన మెత్తల ముందు బాబీ ఆగిపోయి తల్లిని చూశాడు. అమ్ము బ్యాచ్ పిల్లలంతా ఆవిణ్ణే చూస్తున్నారు, ఫోన్లు పైకెత్తి. కొడుకుని పాన్పు ఎక్కించనన్న మాట వాళ్ళందరికీ గుర్తుంది.

"కూర్చో నాన్నా," అన్నారు వేదవతి గారు.

"ఏమీ అడగకూడదు కదమ్మా?"

"అడుగు. పిలిచి పరిచారు. వీళ్ళ దగ్గర అడక్కపోతే ఇంకెక్కడ అడుగుతావు?"

పిల్లలు ఒక్కసారిగా కేకలు పెట్టారు. నేనూ పెట్టాననుకుంటాను. బాబీ కూర్చుని మూతి ముడుచుకోవాలని చూశాడు గానీ నవ్వాగలేదు. మామ్మ ఎదురుగా చతికిలపడి, "ఏం కావాలి నాయనా?" అంది, ఆ క్షణం కోసమే విమానం ఎక్కిన మనిషిలాగే.

వాడు పెరటి వైపు చూశాడు. "పూతరేకులు మామ్మగారూ."

"అయి పెరట్లో చేస్తున్నానుగా. డబ్బాడు పట్టుకెళ్ళు."

"తినడానికి కాదండి. చెయ్యడం నేర్పండి. నేర్పుతానంటేనే లేస్తాను."

మామ్మ వాడి వేళ్ళు చూసింది. "చెయ్యి కాలుద్ది."

"కాలనివ్వండి."

"నెల్లాళ్ళు చిల్లులే వత్తాయి."

"రానివ్వండి."

మామ్మ ఒక్కసారి వేదవతి గారి వైపు చూసి, "గట్టోడేనమ్మా అడగడంలో," అని, వాడి చెయ్యి పట్టుకుని లేపింది.

పెరట్లో ఖర్జూరపు మట్టలు చిటపటలాడుతున్నాయి. బోర్లించిన నల్ల కుండ మీద మామ్మ తడిగుడ్డని పిండినీళ్ళలో ముంచి ఒక్క ఊపులో లాగితే, అద్దం మీద ఆవిరిలా పల్చటి పొర పైకి వచ్చేది. బాబీ లాగితే మాడిన ముక్కలు వచ్చేవి. పంచె ఎగ్గట్టి, జుట్టు నిండా బూడిదతో, వేలు కాల్చుకుని నోట్లో పెట్టుకున్నాడు. చిల్లుల రేకులన్నీ నర్సింగ్ మంచం మీద వరసగా పరిచాం. నర్సింగ్ వాటిని ఎప్పటికప్పుడు తినేస్తూ, "గివి గూడ మంచిగనే ఉన్నయి," అన్నాడు.

అమ్ము నెయ్యి గిన్నె పట్టుకుని నిలబడి, "అన్నీ నేర్చుకున్నాక జపాన్‌లా ఎవరింటి మీద పడతావు?" అని బాబీని ఆటపట్టించింది.

పక్కన పంచదార పొడి చల్లుతున్న వేదవతి గారి చెయ్యి ఆగింది.

"అమ్మూ, నువ్వు ఎప్పుడో ఒక ప్రశ్న అడిగావు. తెలిస్తే చెప్తానన్నాను."

"గుర్తుందండి."

"జపాన్ ఓడ చెయ్యడం నేర్చుకుంది. రైలు నేర్చుకుంది, బడి పెట్టడం, సైన్యం నడపడం, చట్టం రాయడం అన్నీ నేర్చుకుంది. గేటు బయట నిలబడడం ఒక్కటే నేర్చుకోలేదు. ఎలా నేర్చుకుంటుంది? నేర్పిన గురువులకే అది రాదు."

పొయ్యిలో మట్ట ఒకటి పేలింది. అమ్ము ఆలోచించి, "సగం మార్కులు వేస్తాను అత్తయ్యగారూ," అంది. "నేర్పకపోయినా తెలుసుకోవాల్సిన విషయం కదా అది."

"సగం చాలు. ఈ ముసలిదానికి అదే ఎక్కువ," అని వేదవతి గారు హాయిగా నవ్వేశారు. అట్టగోడ అవతల్నుంచి నేను ఇన్నేళ్ళూ విని విసుక్కున్న నవ్వు, దగ్గరగా వింటే ఎంత బాగుందో. చీకటి పడేవేళకి నర్సింగ్ తన మంచం వేసుకుని ఉమ్ సలాల్ వెళ్ళాడు, దాని మీద డబ్బాడు రేకులతో.

సెలవులయ్యాక స్కూలు తెరిచారు. ఆ ఏటి పదకొండో తరగతికి చైనా పాఠం వచ్చింది. నా వాళ్ళకి లెక్క ఇచ్చి కూర్చోబెట్టి, నేను గోడకి దగ్గరగా కుర్చీ జరుపుకున్నాను. నల్లమందు వచ్చింది, సున్నం వచ్చింది, తోడల్లుళ్ళు వచ్చారు, అందరూ నవ్వారు. అప్పుడు ఆవిడ ఆగి, "ఇంతవరకూ చెప్పిందాంట్లో ఒక తప్పుంది, పట్టుకోండి చూద్దాం," అన్నారు. పిల్లలు ఏవేవో చెప్పారు. ఎవరికీ దొరకలేదు.

"మంచం ఎవరు తెచ్చారు?" అని అడిగారావిడ.

నవ్వులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ఇటు నా క్లాసులో కూడా పెన్నులు ఆగాయి. లెక్క చెయ్యమని నేను కసరలేదు.

చివరికి వెనక బెంచీలోంచి ఒక పిల్ల, అక్కో అన్నో చెప్పగా విన్నదై ఉంటుంది, "మేడమ్, మీ అబ్బాయిని పాన్పు ఎక్కించనని అనేవారట కదా, మరి ఎక్కాడా?" అంది.

"ఎక్కాడమ్మా," అన్నారు వేదవతి గారు. "పిలిచారు."